కంది సాలుకు పోసిన ఎరువు

ఎరువు మూట విప్పి చూసిన తర్వాత అంజినప్పకు అనుమానం తగ్గలేదు, పెరిగింది.

తెల్లగా ఉంది. నడుమ నడుమ బూడిద కలిసినట్టు గడ్డలు. వేళ్ళతో నలిపితే చెమ్మగా అంటుకుంది. వాసన చూస్తే ముక్కు లోపలంతా కుట్టింది. ఇట్లాంటి తెలుపు అతనికి కొత్త కాదు. గుండ్లవంక ఊరికి దిగువన చాకళ్ళు మన్ను గీక్కుపోయే చౌడు బయలుంది. ఎండాకాలం పొద్దున్నే చూస్తే నేల మీద ఇదే తెలుపు పొంగి ఉంటుంది. అక్కడ గరిక కూడా మొలవదు. అది ఏటేటా కొంచెం కొంచెం జరిగి పక్క చేన్లను మింగుతూ వస్తోంది. ఇప్పుడు దాన్నే సంచిలో పోసి, నోరు కుట్టి, ఊరికే ఇస్తున్నారు.

ఊరికే ఇవ్వడమే అన్నిటికన్నా అతనికి మింగుడుపడని సంగతి. సర్కారు అతని నుంచి తీసుకోవడం చూశాడు గాని, ఇవ్వడం ఎప్పుడూ చూడలేదు.

"ఈ గట్టు నుంచి ఆ గుండ్రాయి దాకా సగం చేనుకు చల్లండి అంజినప్పగారూ" అన్నాడు గ్రామసేవక్ దివాకర్. "రాయికి అవతల సగానికి ఏమీ వెయ్యొద్దు. కోతనాడు రెండూ విడివిడిగా తూస్తాం. తేడా ఏమిటో ఊరందరికీ కనపడుతుంది."

దివాకర్ గుడివాడ వైపు వాడు. మీసం ఇంకా నిండుగా రాలేదు. సైకిలు చైనుకు తగలకుండా పంట్లాం కాళ్ళకు పురికొస కట్టుకుని ఊళ్ళు తిరుగుతుంటాడు. పంచాయతీ సమితి ఆఫీసులో కొత్తగా చేరాడు, ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. అతను 'గారూ' అనడం కూడా అంజినప్పకు అనుమానమే. ఇంతవరకు తన్ను అట్లా పిలిచినవాళ్ళు ఇద్దరే. ఇద్దరూ చివరకు వేలిముద్ర వేయించుకునే పోయారు.

"మీ ఊర్లో ఏస్తారా ఇది?"

"ఎందుకు వెయ్యమండీ? మా నాన్న ఏటా వేస్తారు. వరి నడుం దాకా లేస్తుంది."

"నీళ్ళు?"

"కాలవ ఉందిగా."

"మరి మాకు?" అని అంజినప్ప తల పైకెత్తాడు.

దివాకర్ కూడా చూశాడు. మేఘాలు పడమటి నుంచి వచ్చి, ఎవరో తరిమినట్టు తూర్పుకు పోతున్నాయి. అతను, "మీకు వానలున్నాయి కదండీ" అన్నాడు. అన్న తర్వాత తన మాట తనకే నచ్చనట్టు సైకిలు స్టాండు తీశాడు. పక్క ఊళ్ళో ఇంకో మూట ఇవ్వాలట. చల్లిన తర్వాత ఖాళీ సంచి ఉంచమని, వచ్చి తీసుకెళ్తానని చెప్పి పోయాడు.

'సంచి లెక్క కూడా ఉందన్న మాట' అనుకున్నాడు అంజినప్ప.

చేనంతా బుడ్డలు, అంటే వేరుశనగ, విత్తడం అంతకు ముందురోజే అయిపోయింది. గొర్రు తోలేటప్పుడు నడుమ నడుమ వదిలిన సాళ్ళలో కంది వేయాలి. ఆ సీమలో ఎవరి చేనైనా అంతే. బుడ్డలు మండీకి పోతాయి, కంది కుండలోకి పోతుంది. అందుకే కంది సాళ్ళు ఇంటి ఆడదానివి. ఎంత పండింది, ఎవరికి పెట్టింది అని మగవాడు అడగడు.

అతను నాగలితో వదిలిన సాలు చీలుస్తుంటే భార్య సుబ్బరత్నమ్మ ఒడిలోని కందులు విడుస్తూ వెనక నడుస్తోంది. గట్టు దగ్గరికి రాగానే అతను ఎద్దుల్ని ఆపి మూట వైపు చూపించాడు.

"అది తీసుకో. కందితో పాటు పోసుకుంటా రా. రాయి దాటొద్దు."

"బుడ్డలకు చల్లమని గదా ఆ పిల్లోడు చెప్పింది?"

"వాడు చెప్తాడు. బుడ్డల్లో చల్లితే చేనంతా చౌడైపోతాది. కంది సాలంటే ఒగ గీత. పోతే గీత పోతాది."

సుబ్బరత్నమ్మ కొంగు దులిపి నడుం మీద చెయ్యి పెట్టుకుంది.

"పోతే పోయేదానికి నా సాళ్ళే దొరికినాయా నీకు?"

"యాడో ఒగచోట పొయ్యల్ల గదా?"

"గుంత తవ్వి పూడ్చకూడదా?"

"గుంత తవ్వితే ఏం పూడ్చినావని ఊరంతా అడుగుతాది. సర్కారు సొత్తే అది. కంది సాలు కూడా ఈ చేనులోదే గదా. చేనుకేసినానంటే అబద్ధమెట్లయితాది?"

"పప్పు లేకుండా ముద్ద ఎట్ల దిగుతాదో చూస్తాలే" అంటూ ఆమె మూటలోంచి గంపకు ఎత్తుకుంది.

మొహం పక్కకు తిప్పుకుని పోసింది. గరిక కోసినప్పుడు చీరుకున్న వేలికి అది తగిలి మండింది. ఆ మంట చూసినప్పటి నుంచి విత్తనం మీద పోయకుండా, జానెడు పక్కగా వేరే గీత గీసినట్టు పోస్తూ వచ్చింది.

"పక్కకు పోస్తాండావేమే?"

"నా విత్తనం, నా ఇష్టం. నువ్వు ఎద్దుల్ని చూసుకో."

పొద్దుగుంకే వేళకు మూట ఖాళీ అయింది. అంజినప్ప సంచిని రెండుసార్లు దులిపి, మడిచి, సాక్ష్యం దాచినట్టు చూరులో దోపాడు.

మొదట రెండు వానలు బాగానే పడ్డాయి. ఆ తర్వాత మేఘం వస్తుంది, చేను మీద నీడ పడుతుంది, పోతుంది. బుడ్డలు పూత పూశాయి. పూత వాడి, కాయ పట్టే ఊడలు నేలలోకి దిగాల్సిన వేళకు నేల రాయి అయింది. ఊడలు మన్నును తాకి, లోపలికి పోలేక, మొనలు మాడి గాలిలో వేలాడాయి.

దివాకర్ ఒక మధ్యాహ్నం సైకిలు గట్టు మీద పడుకోబెట్టి చేనులోకి దిగాడు. రాయికి ఇటు ఒక చెట్టు పీకాడు. రాయికి అటు ఒక చెట్టు పీకాడు. రెండూ అరచేతుల్లో పెట్టుకుని మార్చి మార్చి చూశాడు. ఇంకో రెండు పీకాడు.

"చల్లారు కదండీ?"

"చల్లకేం సార్. సంచి ఇయ్యమన్నావని దాచి పెట్టినా" అని అంజినప్ప చూరులోది తెచ్చి ఇచ్చాడు.

దివాకర్ సంచి తిరగేసి కుట్లు చూశాడు. లోపల చెయ్యి పెట్టి తడిమాడు. వేలికి అంటిన పొడిని చాలాసేపు చూస్తూ నిలబడ్డాడు. మూట ఇచ్చిన మనిషి మూట కుట్లు అంతసేపు ఎందుకు చూడాలి? అంజినప్ప బుర్రలో ఆ ప్రశ్న ఆ పూటంతా తిరిగింది. సాయంత్రం ఎర్రిస్వామి టీ హోటలు బెంచీ మీద కూర్చునేసరికి దానికి జవాబు కూడా దొరికింది.

"అసలుది యాడో అమ్ముకున్నాడప్పా. మనకు ఉప్పు కలిపి కట్టించినాడు" అన్నాడు.

పక్క చేను నబీ రసూల్ గ్లాసు దించాడు. "నువ్వు చూసినావా అన్నా?"

"చూడల్నా? ఏసిన సగం, ఎయ్యని సగం ఒగే మాదిరి ఉండాయి. దానికేమంటావు?"

రసూల్ గ్లాసు మళ్ళీ ఎత్తుకున్నాడు. బుడ్డలకు వెయ్యలేదన్న సంగతి అంజినప్పకు తెలుసు. కానీ చెబుతూ ఉంటే, వేసినట్టూ మోసపోయినట్టూ అతనికే అనిపించసాగింది. కోపం కూడా నిజంగానే వచ్చింది. ఆ మాట ఊరు తిరిగి తిరిగి మళ్ళీ అతని చెవికే వచ్చేసరికి మూట లారీ అయింది. లారీ బెజవాడ చేరింది. తన నోటి నుంచి పోయిన మాటేనని గుర్తుపట్టక, "నేననుకుంటానే ఉన్నా" అన్నాడు అంజినప్ప.

చిత్త కార్తెలో ఒక మంచి వాన పడింది. బుడ్డలకు అది పీనుగు నోట్లో పోసిన గంజి. కందికి మాత్రం వేళకు అందింది. ఎరువు పడిన సాళ్ళలో మొలకల నాడే మాడిన చోట్ల అక్కడక్కడా సందులున్నాయి గాని, నిలిచిన చెట్లు నిలిచినట్టు లేవు, ఎగబాకినట్టున్నాయి.

"రాయికి ఈ పక్క కంది చూసినావా?" అంది సుబ్బరత్నమ్మ ఒకరోజు.

అతను చూశాడు. చూసి, ఎద్దు మెడ మీది పుండుకు పసుపు రాశాడు.

కోతనాడు జీపు వచ్చింది. సమితి నుంచి పెద్దాఫీసరు దిగాడు. వెనక తాళ్ళు, మేకులు, త్రాసు పట్టుకుని ఇద్దరు. దివాకర్ అప్పటికే సైకిలు మీద వచ్చి గట్టు మీద నిలబడి ఉన్నాడు. ఊళ్ళో పనిలేని మగవాళ్ళంతా వచ్చారు. ఆ ఏడు పనున్నవాడెవడూ లేడు గనక ఊరంతా వచ్చిందనే చెప్పాలి.

"కంది చెట్లు తగలకుండా తాడు పట్టండి" అన్నాడు ఆఫీసరు. "మనకు కావాల్సింది వేరుశనగ."

రాయికి ఇటు ఒక గడి, అటు ఒక గడి తాళ్ళతో కట్టారు. అంజినప్ప, రసూల్ వంగి చెట్లు పీకారు. నేల గట్టిగా ఉండి సగం చెట్లు కాడ దగ్గర తెగి వచ్చాయి. తెగిన చోట పారతో కింద గీకి, మన్నులో మిగిలిన కాయల్ని ఏరారు. ఆడవాళ్ళు చెట్టుకు చెట్టు దులిపి కాయలు తుంచి చేటల్లో వేశారు. ఎక్కువ లొట్టలే. నొక్కితే గాలి పోయినట్టు అణిగిపోయాయి. ఇటు కాయలు త్రాసు ఒక తట్టలో, అటు కాయలు ఇంకో తట్టలో వేసి ఎత్తితే ముల్లు నడుమ నిలిచింది.

"ఎరువు వేసింది ఏ పక్క?" అని ఆఫీసరు అడిగాడు. హాస్యానికి కాదు, నిజంగానే మరిచిపోయాడు.

దివాకర్ చూపించాడు. ఆఫీసరు రెండు పక్కలా నడిచాడు. ఆకు తెంపి చూశాడు. తెలివితక్కువవాడు కాదు.

"వానలు సరిగ్గా లేవు సార్" అన్నాడు దివాకర్.

"లేవు. నేనూ ఈ జిల్లాలోనే ఉన్నాను. వాన లేకపోతే కాయ రాదు, ఒప్పుకుంటాను. కానీ ఎరువు పడిన చెట్టు మొదటి వానలకు ఆకన్నా పెంచాలి. లేదా ఎండకు ముందుగా మాడన్నా మాడాలి. రెండు పక్కలా ఒక్క అచ్చులో పోసినట్టుంటే ఎట్లా నమ్మమంటావు?"

"ఉప్పుకు బుడ్డలు కాస్తాయా సార్?" అన్నాడు వెనక నుంచి ఎర్రిస్వామి. గుంపులో నవ్వు లేచింది.

ఆఫీసరు నవ్వలేదు. "ఏం ఉప్పు?"

అందరూ చూసింది అంజినప్ప వైపే. ఆఫీసరు అతని దగ్గరికి వచ్చాడు.

"మూట మొత్తం ఈ సగానికే వేశావా?"

సుబ్బరత్నమ్మ చేట చెరగడం ఆపింది. దివాకర్ కూడా చూశాడు. ఆ చూపులో అనుమానం లేదు. అడిగినదానికి ఉన్నది చెబుతాడులే అన్న నిబ్బరం ఉంది. ఆ నిబ్బరం చూసి అంజినప్పకు ఒంటి మీద తేలు పాకినట్టయింది. సర్కారు సొత్తు దుర్వినియోగం అన్న మాట అతను ఎక్కడో విన్నాడు. దానికి శిక్ష ఏమిటో తెలియదు. తెలియనందుకే ఎక్కువ భయం.

"మొత్తం ఏసినా సార్" అన్నాడు. "ఈ సగానికే."

"అయితే తేడా మూటలోనే ఉంది" అన్నాడు ఆఫీసరు మెల్లగా. "దివాకర్, రేపు ఆఫీసుకు రా. సైకిలు అప్పగించడానికి సిద్ధమై రా."

జీపు పోయింది. అందులో చోటుంది గాని దివాకర్‌ను ఎక్కమనలేదు. అతను గట్టు మీద కూర్చుని, కాళ్ళకు కట్టుకున్న పురికొస విప్పి, మళ్ళీ కట్టుకుని, సైకిలు తోసుకుంటూ పోయాడు.

ఆ పూట సుబ్బరత్నమ్మ ముద్ద పెట్టింది గాని పక్కన కూర్చోలేదు. ద్వారబంధానికి ఆనుకుని నిలబడి చెప్పింది.

"ఆ పిల్లోని నోటికాడ కూడు తీసినావు."

"నన్ను జైల్లో పెడితే నువ్వొచ్చి విడిపిస్తావా?"

"ఒగ గీతకు పోసినందుకు జైలైతే పోసిందాన్ని నేను. నన్ను పెట్టమను."

"నోర్ముయ్యే."

"మూసుకుంటా. ఇది విను. రేప్పొద్దున పోయి ఉండేది ఉండేట్టు చెప్పు. చెప్పకుంటే ఆ కంది నేను కొయ్యను. కాకులు తింటాయి. నా సాళ్ళు అవి, అడిగేదానికి నీకు లేదు."

ఆ ఏడు ఇంట్లోకి వచ్చే గింజంటూ ఉంటే ఆ కందే. అది ఆమెకూ తెలుసు, అతనికీ తెలుసు. అతను ముద్ద సగంలో చెయ్యి కడుక్కున్నాడు.

తెల్లవారి అంజినప్ప రాయికి ఇటు ఒక కంది కొమ్మ, అటు ఒక కంది కొమ్మ విరిచి, తుండుగుడ్డలో చుట్టుకుని సమితి ఆఫీసుకు నడిచాడు. ఒకటి గుత్తులు గుత్తులుగా కాయలతో చేతికి బరువుగా ఉంది. ఇంకోటి చీపురుకట్టలా ఉంది. ఆఫీసరు బల్ల మీద రెండూ పరిచి, చెప్పాల్సింది చెప్పాడు. చౌడని భయపడడం, కంది సాళ్ళకు పోయించడం, ఉప్పని ఊరంతా చెప్పడం, ఏదీ దాచలేదు. అంత పొడుగు నిజం ఒక్కసారిగా చెప్పడం అతని బతుకులో అదే మొదలు.

ఆఫీసరు చివరిదాకా విన్నాడు.

"నిన్న వేశానన్నావు. ఇవాళ వెయ్యలేదంటున్నావు. మధ్యలో ఏం జరిగింది?"

"ఏం జరగలేదు సార్. నా ఆడది..."

"దివాకర్ నిన్న మీ ఇంటికి వచ్చాడా?"

"రాలేదు సార్."

"మనిషినెవరినైనా పంపాడా?"

"లేదు సార్. సార్, కొమ్మలు చూడండి."

"ఏ చేనులోవో నాకేం తెలుసు? మన జిల్లాలో కందికి కరువా?" ఆఫీసరు కోప్పడలేదు. బల్ల మీద రాలిన ఆకుల్ని కాగితంతో కిందికి తోశాడు. "ఉచితంగా వచ్చిన ఎరువును, రొక్కం వచ్చే పంటకు వెయ్యకుండా పప్పు చెట్లకు పోశానంటే ఎవరు నమ్ముతారు? నువ్వైతే నమ్ముతావా?"

అంజినప్ప ఆలోచించాడు. తనైతే నమ్మడు. 'ఎంత ముట్టిందిరా నీకు' అని మొదట అడిగేవాడు తనే.

"కావాలంటే చేనుకు రండి సార్" అన్నాడు. ఆఫీసరు అప్పటికే ఇంకొకరిని పిలుస్తున్నాడు.

బయట వసారాలో దివాకర్ తన ట్రంకుపెట్టె మీద కూర్చుని ఉన్నాడు. తలుపు తెరిచే ఉంది గనక లోపలి మాటలన్నీ విన్నాడు. అంజినప్ప తిరిగి తెచ్చుకున్న కాయల కొమ్మ తీసుకుని, ఒక కాయ ఒలిచి, పచ్చి గింజల్ని నోట్లో వేసుకున్నాడు.

"ఎందుకు వెయ్యలేదండీ బుడ్డలకు?"

"నిన్ను నమ్మలేదు నాయనా."

దివాకర్ నమలడం ఆపి, మళ్ళీ నమిలాడు. "వేసినా ఈ ఎండకు కాయ వచ్చేది కాదేమో. నాకూ సరిగ్గా తెలీదు. మా వైపు ఎంత వెయ్యాలో అదే ఇక్కడా వెయ్యమన్నారు, తెచ్చిచ్చాను. కందికి వేసి చూడమని ఎవరూ అనలేదు." కొమ్మను తిరిగి ఇచ్చేశాడు. "వచ్చే ఏడు ఉంటే, కందికే వేద్దామనేవాణ్ణి."

గుంతకల్లు బస్సు వచ్చింది. అంజినప్ప ట్రంకుపెట్టె టాపు మీదికి అందించాడు. అంతకు మించి అందించడానికి అతని దగ్గర ఏమీ లేదు. బస్సు కదిలేటప్పుడు దివాకర్, "వస్తానండీ అంజినప్పగారూ" అన్నాడు.

తిరిగి వచ్చేసరికి పొద్దు వాలుతోంది. సుబ్బరత్నమ్మ కంది సాళ్ళ నడుమ వంగి కూరకు పచ్చికాయలు కోసుకుంటోంది. అతని మొహం చూసి మళ్ళీ కోతకు వంగింది. నబీ రసూల్ ఎండు బుడ్డకట్టె పశువుల మేతకు బండికి ఎత్తుకుని గట్టు పక్కగా వస్తున్నాడు. అంజినప్ప ఎదురుపోయి బండి ఆపాడు.

"రసూలూ, అది ఉప్పు కాదప్పా."

"ఏది?"

"ఆ మూట. మంచి ఎరువే. నేనే బుడ్డలకు ఎయ్యలేదు. కంది సాళ్ళకు పోసినాం. రాయికి ఈ పక్క చూడు, ఆ పక్క చూడు."

రసూల్ బండి మీద నుంచే ఇటూ అటూ చూశాడు. చూసింది నిజమే. అతని కళ్ళు ఈ పక్క గుత్తుల మీద కాస్త ఎక్కువసేపే నిలిచాయి. తర్వాత గొంతు తగ్గించాడు.

"పొద్దున సమితి ఆఫీసుకు పోయింటివంట గదా. ఊర్లో అనుకుంటాండారు."

"పోయింటి. ఇదే చెప్పేదానికి పోయింటి."

"ఏమన్నా ఇచ్చింటే తీసుకుంటే తప్పులేదులే అన్నా. కరువు కాలం. మాకందరికీ పిల్లోళ్ళుండారు." ఎత్తిపొడుపు కాదు, ఓదార్పు. అదే అంజినప్పకు ఎక్కువ తగిలింది.

"అల్లా తోడు, నీ తోడు, ఒగ పైసా తీసుకోలేదు."

"సరే, పోనీలే." రసూల్ బండి దిగాడు. కంది చెట్టు కొమ్మ వంచి, కాయను చిదిమి, గింజను గోటితో గిల్లి చూశాడు. "ఈ పక్క కంది మాత్రం నాకు రెండు శేర్లు విత్తనానికి పెట్టన్నా. ఉండేదంతా విత్తనంలోనే ఉండాది. యాడిదిది?"

"విత్తనం మామూలుదేనప్పా. రెండు పక్కలా ఏసింది ఒగే విత్తనం."

రసూల్ తల ఊపి నవ్వాడు. మంచి విత్తనం దాచుకునేవాడు ఎవడైనా అట్లాగే అంటాడు. ఆ సంగతి అతనికి తెలియనిది కాదు.